తూకంలో తేడా లేదు.. ఒంట్లో ఉంది!

పరీక్ష రేపో ఎల్లుండో అనుకుంటుండగా వాయిదా పడిన అనుభవం మీకుందా? ఉండే ఉంటుంది. తెలంగాణ గ్రూప్‌-2కి 2022 డిసెంబరులో నోటిఫికేషన్‌ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టులో అన్నారు, తర్వాత నవంబరన్నారు, 2024 జనవరన్నారు, మళ్లీ ఆగస్టన్నారు. చివరికి జరిగింది 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో. ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్‌ ప్రిలిమ్స్‌ 2023 జనవరి 22న రాసి గట్టెక్కినవాళ్లు ఈవెంట్స్‌ కోసం 2024 డిసెంబరు 30 దాకా ఆగాల్సొచ్చింది. దాదాపు రెండేళ్లు! ఇక కృష్ణానగర్‌లో అద్దె గదుల్లో ఉంటూ సినిమా అవకాశాల కోసం తిరిగేవాళ్లకు వాయిదా గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పాత్ర కోసం ఆర్నెల్లు జిమ్‌ చేసి ఒళ్లు తయారుచేసుకుంటారు, షెడ్యూల్‌ వెనక్కి పోతుంది. ఎప్పుడు మొదలవుతుందో అడిగితే ప్రొడక్షన్‌ మేనేజర్‌ ఫోనెత్తడు.

తేదీ వెనక్కి పోతే పుస్తకాలు ఎక్కడికీ పోవు, నోట్సూ పోవు. మరి ఒంట్లో తెచ్చుకున్న ఊపు, బుర్రలో తెచ్చుకున్న పదును? వాటి సంగతి తెలియాలంటే అమెరికాలో 55 ఏళ్ల కిందట చనిపోయిన ఒక హెవీవెయిట్‌ బాక్సర్‌ కథ వినండి. పేరు సోనీ లిస్టన్‌. అసలు పేరు చార్లెస్‌. ఇప్పుడు చాలామందికి అతను ఒక ఫొటోగానే తెలుసు. కింద పడి ఉన్న బాక్సర్‌, పైన చెయ్యి మడిచి అరుస్తున్న మహమ్మద్‌ అలీ. నీల్‌ లీఫర్‌ తీసిన ఆ ఫొటో పోస్టరుగా ఎన్ని జిమ్ముల గోడల మీద ఉందో లెక్కలేదు. పైనున్నవాడి గురించి మీరు చదివే ఉంటారు. కిందున్నవాడి గురించి చెబుతాను.

లిస్టన్‌ ఎప్పుడు పుట్టాడో లిస్టన్‌కే తెలియదు. అర్కాన్సాస్‌ రాష్ట్రంలో పత్తి పండించే ఒక కౌలు రైతు ఇంట్లో పుట్టాడు. తండ్రికి రెండు పెళ్లిళ్లలో కలిపి 25 మంది పిల్లలైతే ఇతను 24వ వాడు. పుట్టినట్టు ఏ ఆఫీసులోనూ రాసి లేదు. 1930 అన్నవాళ్లున్నారు, 1932 అన్నవాళ్లున్నారు, అంతకంటే చాలా ముందే అని గొణిగినవాళ్లూ ఉన్నారు. మనకైతే టెన్త్‌ మెమోలో ఏది ఉంటే అదే వయసు, గొడవే లేదు. అతనికి ఆ మెమో కూడా లేదు. బడి మొహం పెద్దగా చూడలేదు. చిన్నప్పటి నుంచి చేలో పని, పని సరిగ్గా చేయకపోతే తండ్రి చేతిలో దెబ్బలు. ఆ మచ్చలు పెద్దయ్యాక కూడా వీపు మీద కనిపించేవట. తల్లి పని వెతుక్కుంటూ సెయింట్‌ లూయిస్‌ నగరానికి వెళ్లిపోతే, 13 ఏళ్లప్పుడు ఆమెను వెతుక్కుంటూ తనూ వెళ్లాడు. అక్కడ బడిలో చేర్చారు. అంత పొడుగు కుర్రాడు ఏబీసీడీలు దిద్దుతుంటే పక్క పిల్లలు నవ్వారు. మానేశాడు. జీవితాంతం చదవడం, రాయడం రాలేదు. సంతకం మాత్రం నేర్చుకున్నాడు.

తర్వాత కథ ఊహించగలరు. దొమ్మీలు, దోపిడీలు. 1950లో అయిదేళ్ల శిక్ష పడి మిస్సోరీ రాష్ట్ర జైలుకు వెళ్లాడు. విచిత్రమేమిటంటే, మూడు పూటలా కడుపునిండా తినడం అక్కడే మొదలైంది. ఖైదీల ఆటలు చూసుకునే ఒక చర్చి ఫాదర్‌ అతని చేతుల సైజు చూసి గ్లవ్స్‌ తొడిగించారు. కొన్ని వారాల్లోనే జైల్లో అతనితో తలపడేవాడు లేకుండా పోయాడు. 1952 అక్టోబరులో పెరోల్‌ మీద బయటికొచ్చాడు. అయిదు నెలలు తిరక్కుండా షికాగో గోల్డెన్‌ గ్లవ్స్‌ పోటీల్లో, అంతకు ముందు ఏడే ఒలింపిక్‌ స్వర్ణం గెలిచిన ఎడ్‌ సాండర్స్‌ను ఓడించాడు. 1953 సెప్టెంబరు 2న ప్రొఫెషనల్‌గా మొదటి పోటీ. 33 సెకన్లలో అయిపోయింది.

ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. అంత ఎత్తు బాక్సర్లు చాలామంది ఉన్నారు. కానీ చేతులు చాచితే ఈ చివరి నుంచి ఆ చివరికి 84 అంగుళాలు, అంటే ఏడు అడుగులు. ఎడమచేత్తో అతను కొట్టే జాబ్‌ వేరే వాళ్లు కుడిచేత్తో బలమంతా పెట్టి కొట్టే దెబ్బతో సమానం అనేవాళ్లు. జాబ్‌ అంటే ఉద్యోగం కాదండోయ్‌. ఎదుటివాణ్ని దూరంగా ఉంచడానికి చెయ్యి సూటిగా చాచి కొట్టే గుద్దు.

ఒక్క రీమ్యాచ్‌ విషయమే చెప్పి అతన్ని తక్కువ చేయడం న్యాయం కాదు కాబట్టి ఇంకో రీమ్యాచ్‌ గురించి ముందు చెప్పాలి. 1954లో మార్టీ మార్షల్‌ అనే బాక్సర్‌ చేతిలో లిస్టన్‌ దవడ విరిగింది. విరిగిన దవడతోనే ఎనిమిది రౌండ్లు చివరిదాకా ఆడి పాయింట్ల మీద ఓడాడు. మరుసటి ఏడాది అదే మార్షల్‌తో మళ్లీ తలపడి ఆరో రౌండులో పడగొట్టాడు. 1956లో మూడోసారి ఆడి మళ్లీ గెలిచాడు. ఓడినచోటికి మళ్లీ వెళ్లి గెలవడం అతనికి తెలియని విద్య కాదు. ఇది గుర్తుంచుకోండి.

ఆ ఏడే ఒక పోలీసుతో గొడవపడి మళ్లీ జైలుకు వెళ్లాడు. బయటికొచ్చాక అతని కాంట్రాక్టు ఫ్రాంకీ కార్బో, బ్లింకీ పాలెర్మో అనే మాఫియా మనుషుల గుప్పిట్లో పడింది. అతను సంపాదించినదాంట్లో అతని చేతికి వచ్చింది కొంతే. చదువు రానివాడు సంతకం పెట్టిన కాగితాల్లో ఏముందో ఎవరు చదివి చెబుతారు? ఆఫర్‌ లెటర్లో బాండ్‌ పేజీ చదవకుండా సంతకం పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, చదువుకుని కూడా.

1958 నుంచి 60 దాకా పైవరుసలో ఉన్న బాక్సర్లనందరినీ ఊడ్చిపెట్టాడు. 1962 సెప్టెంబరు 25న షికాగోలో ప్రపంచ చాంపియన్‌ ఫ్లాయిడ్‌ ప్యాటర్సన్‌ను రెండు నిమిషాల ఆరు సెకన్లలో పడగొట్టి టైటిల్‌ తీసుకున్నాడు. అప్పుడతని బరువు 214 పౌండ్లు, అంటే 97 కిలోలు. టైటిల్‌తో ఫిలడెల్ఫియా వస్తుంటే విమానాశ్రయంలో జనం స్వాగతం చెబుతారని ఆశపడ్డాడు. దిగి చూస్తే విలేకరులు, సిబ్బంది తప్ప ఎవరూ లేరు. జైలు మచ్చ ఉన్న చాంపియన్‌ ఆ ఊరికి అక్కర్లేదు. ఆ రోజు అతని ముఖం చూసినవాళ్లు తర్వాత చాలాసార్లు దాని గురించే రాశారు. 1963 జులై 22న ప్యాటర్సన్‌తో లాస్‌వేగాస్‌లో రీమ్యాచ్‌. బరువు 215. రెండు నిమిషాల పది సెకన్లు. ఈసారి నాలుగు సెకన్లు ఎక్కువ పట్టింది, అంతే.

సులువు గెలుపుల్లో ఉన్న ప్రమాదం

ఇక్కడ కాస్త లెక్క చూడండి. 1960 సెప్టెంబరులో ఎడ్డీ మాచెన్‌తో 12 రౌండ్లు ఆడాక, 1964 ఫిబ్రవరి దాకా లిస్టన్‌ ఆడినవి నాలుగే పోటీలు. అందులో ఒకటి మూడో రౌండులో ముగిసింది. మిగతా మూడూ మొదటి రౌండులోనే. అంటే మూడున్నరేళ్లలో అతను నిజంగా పోరాడింది ఆరు రౌండ్లు కూడా లేదు. అన్నీ గెలుపులే. కానీ నాలుగో రౌండులో ఊపిరి ఎలా ఉంటుందో, ఆరో రౌండులో కాళ్లు ఏం చెబుతాయో అతని ఒళ్లు మరిచిపోయింది. అరగంట పేపర్లు మాత్రమే ప్రాక్టీస్‌ చేసి మూడు గంటల పరీక్షకు కూర్చున్నవాళ్లకు ఈ బాధ తెలుస్తుంది.

1964 ఫిబ్రవరి 25, మయామీ బీచ్‌. ఎదురుగా 22 ఏళ్ల కేసియస్‌ క్లే. అప్పటికింకా మహమ్మద్‌ అలీ కాలేదు. పందేలు ఒకటికి ఏడు చొప్పున లిస్టన్‌ వైపే. లిస్టన్‌ సరిగ్గా తయారవలేదు. కుర్రాడు రెండు రౌండ్లు కూడా నిలవడనుకున్నాడు, రోడ్‌వర్క్‌ తగ్గించాడు. తూకంలో 218 పౌండ్లు. ఆరు రౌండ్లు గాలిని గుద్దీ గుద్దీ అలసిపోయి, ఏడో రౌండుకు గంట కొడితే స్టూలు మీంచి లేవలేదు. ఎడమ భుజం దెబ్బతిన్నదన్నారు. పరీక్షించిన డాక్టర్లూ గాయం ఉందన్నారు. భుజం నిజమే అనుకుందాం. కానీ భుజం బాగున్నా ఊపిరి అప్పటికే అయిపోయిందని ఆ ఫిల్ము చూసిన ఎవరికైనా అర్థమవుతుంది.

ఆ ఓటమి తర్వాత అతను మొండిగా తయారయ్యాడు. రీమ్యాచ్‌ 1964 నవంబరు 16న బోస్టన్‌లో. ఈసారి క్యాంపులో ఒక్క రోజు కూడా వదల్లేదు. కొండదారుల్లో పరుగు, గంటల తరబడి స్పారింగ్‌, తనకిష్టమైన నైట్‌ ట్రైన్‌ పాట రికార్డు పెట్టుకుని స్కిప్పింగ్‌. ఎన్నో ఏళ్లలో అతను ఇంత ఫిట్‌గా కనిపించలేదని చూసినవాళ్లు రాశారు.

మన సినిమాల్లో బాక్సర్‌ ట్రైనింగ్‌ ఒక పాటలో అయిపోతుంది. తమ్ముడు గుర్తుందిగా? పాట మొదట్లో ఆవారా, పాట చివర్లో చాంపియన్‌ సరుకు. నిజంగా ఏం జరుగుతుందంటే, క్యాంపు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంటుంది. మొదట ఊపిరి కోసం దూరపు పరుగులు, తర్వాత స్పారింగ్‌ రౌండ్లు పెంచుతారు, చివరి వారం పది రోజులు కష్టం తగ్గించి ఒంటికి విశ్రాంతి ఇస్తారు. అప్పుడు సరిగ్గా పోటీ రోజుకు శరీరం శిఖరానికి చేరుతుంది. శిఖరం మీద ఎవరూ ఇల్లు కట్టుకోలేరు. కొన్ని రోజులు నిలబడి దిగాల్సిందే.

లిస్టన్‌ ఆ శిఖరం మీద ఉన్నాడు. పోటీకి మూడు రోజులుంది. నవంబరు 13 సాయంత్రం అలీకి హెర్నియా ముదిరి కడుపునొప్పితో ఆసుపత్రిలో చేరాడు. అత్యవసరంగా ఆపరేషన్‌ చేశారు. పోటీ ఆరు నెలలు వాయిదా.

ఆరు నెలలు ఎవరిని తిన్నాయి?

అలీకి కోత పడింది. మంచం ఎక్కాడు, బరువు పెరిగాడు. లిస్టన్‌కు చిన్న గీత కూడా పడలేదు. కాగితం మీద చూస్తే నష్టం అలీదే. కానీ అలీకి అప్పటికి 22 ఏళ్లు, ఆ వయసులో ఆర్నెల్లు ఒంటికి బలం కలుపుతాయి. లిస్టన్‌కు చెప్పుకునే లెక్కలోనే 32 దాటాయి, నిజం లెక్క ఇంకెంతో. ఆ వయసులో ఆర్నెల్లు ఒంటి నుంచి తీసేస్తాయి. దానికి తోడు అలీ దగ్గర చేయాల్సిన పని ఉంది: కోలుకోవాలి, మళ్లీ మొదలుపెట్టాలి. లిస్టన్‌ దగ్గర ఉన్నది ఖాళీ. చేయాల్సిందంతా చేసేశాడు, ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి చేయాలి. అతను తాగుడు మొదలెట్టాడు. ఆ డిసెంబరులోనే తాగి కారు నడిపాడన్న అనుమానంతో డెన్వర్‌ పోలీసులు పట్టుకున్నారు.

వసంతంలో మళ్లీ క్యాంపు పెట్టారు. ఈసారి స్పారింగ్‌లో ఆమోస్‌ లింకన్‌ లాంటివాళ్లు అతన్ని సులువుగా కొట్టగలుగుతున్నారని చూసివచ్చిన విలేకరులు రాశారు. నవంబరులో ఉన్న మనిషి ఈ మనిషి కాదు. పోటీకి కొన్ని రోజుల ముందు బోస్టన్‌లో కోర్టు చిక్కులొచ్చి, వేదికను మెయిన్‌ రాష్ట్రంలోని లూయిస్టన్‌ అనే చిన్న ఊరికి మార్చారు. పిల్లలు ఐస్‌ హాకీ ఆడుకునే హాలు అది. ప్రపంచ హెవీవెయిట్‌ టైటిల్‌ పోటీకి వచ్చిన జనం 2,434 మంది.

1965 మే 25. తూకం. అలీ 206 పౌండ్లు. లిస్టన్‌ 215¼, దాదాపు 97.6 కిలోలు.

ఈ అంకెను చూసి ఆగండి. ప్యాటర్సన్‌ను చిత్తుచేసిన రోజుల్లో 214, 215. క్లే చేతిలో ఓడిన రోజు 218. ఇప్పుడు 215¼. ఈ అంకెల్ని ఒక కాగితం మీద రాసి మీకిస్తే, లిస్టన్‌ మళ్లీ పాత ఫామ్‌లోకి వచ్చేశాడనే అనుకుంటారు. హెవీవెయిట్‌లో పై పరిమితి ఉండదు కాబట్టి తూకం ఎలాగూ ఒక తంతే. కానీ జనం ఆ అంకెనే నమ్ముతారు. కాటా ఎంత బరువో చెబుతుంది. అందులో కండ ఎంత, కొవ్వు ఎంత, గుండె నిమిషానికి ఎంత రక్తం తోస్తుంది, ఇవేవీ చెప్పదు.

శిక్షణ ఆపేస్తే మొదట పోయేది ఊపిరి. కొద్ది రోజుల్లోనే రక్తంలో ద్రవం తగ్గడం మొదలవుతుంది, రెండు నుంచి నాలుగు వారాల్లో పరుగులో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బలం అంత తొందరగా పోదు. మీలో ఈవెంట్స్‌కు తయారయ్యేవాళ్లుంటే ఇది సొంత అనుభవంతోనే తెలిసి ఉంటుంది: నెల రోజులు గ్రౌండ్‌కు పోకపోతే షాట్‌పుట్‌ దాదాపు అంతే దూరం పడుతుంది, 1600 మీటర్ల టైమింగ్‌ మాత్రం దెబ్బతింటుంది. బరువు చూస్తే అదే! అద్దం ముందు అదే మనిషి! అందుకే మోసపోతాం. తేదీ తెలియని వాయిదాలో శిఖరం మీదే ఉండాలని ప్రయత్నించడం వృథా, గాయాలవుతాయి. పూర్తిగా వదిలేయడం అంతకంటే నష్టం. వారానికి రెండు మూడు రోజులు, దూరం తగ్గించినా వేగం తగ్గించకుండా పరిగెత్తితే చాలావరకు నిలుస్తుంది. కొత్త తేదీ ప్రకటించాక మిగతాది ఎక్కించుకోవచ్చు. చదువుకూ దాదాపు ఇదే వర్తిస్తుందని నా అభిప్రాయం. వారానికి ఒక పూర్తి మాక్‌ టెస్ట్‌, అసలు పరీక్ష టైములోనే.

మళ్లీ లూయిస్టన్‌కు వద్దాం. గంట కొట్టారు. లిస్టన్‌ ముందుకు నడుస్తూ జాబ్‌ వేశాడు. అలీ పక్కకు జరిగి కుడిచేత్తో పొట్టి గుద్దు ఒకటి ఇచ్చాడు. చాలామందికి అది కనిపించనే లేదు. దానికి తర్వాత ఫాంటమ్‌ పంచ్‌ అని పేరొచ్చింది. లిస్టన్‌ పడ్డాడు. అలీ మూలకు వెళ్లకుండా మీద నిలబడి అరుస్తున్నాడు. రిఫరీ జెర్సీ జో వాల్కాట్‌ ఒకప్పటి చాంపియనే, కానీ ఆ గందరగోళంలో లెక్కపెట్టడమే కుదరలేదు. లిస్టన్‌ లేచాడు, మళ్లీ గుద్దులాట మొదలైంది కూడా. ఈలోగా రింగు పక్కన కూర్చున్న పత్రికా సంపాదకుడు నాట్‌ ఫ్లైషర్‌ పది ఎప్పుడో దాటిందని చెబితే వాల్కాట్‌ పోటీ ఆపేశాడు. అధికారికంగా ఒక నిమిషం అన్నారు. ఫిల్ములో చూస్తే రెండు నిమిషాల పైచిలుకు. జనం మోసం మోసం అని కేకలేశారు. కొందరు ఇంకా సీట్లలోకే రాలేదు.

కావాలనే పడ్డాడా? మాఫియా చెప్పిందా, బెదిరింపులు వచ్చాయా, డబ్బు చేతులు మారిందా? ఈ వాదన 60 ఏళ్లుగా నడుస్తూనే ఉంది. ఎఫ్‌బీఐ ఆరా తీసింది, రుజువు దొరకలేదు. నిజంగా పడి ఉంటే అతని ఫిట్‌నెస్‌ గురించి మాట్లాడటమే అనవసరం. కానీ నేను ఒక మాట అంటాను. నవంబరు 16న ఆ పోటీ జరిగి ఉంటే ఆ గుద్దుకు అతను అలా పడి ఉండేవాడు కాదు. గెలిచేవాడని అనడం లేదు. ఆ నవంబరులో అలీ కూడా గొప్పగానే ఉన్నాడు. కానీ ఒక నిమిషంలో పోయే మనిషి మాత్రం కాదు.

ఆ రోజుతో లిస్టన్‌ అయిపోయాడని అనుకుంటారు. అవలేదు. అమెరికాలో పోటీ పెట్టడానికి ఎవరూ ముందుకు రాకపోతే స్వీడన్‌ వెళ్లి నాలుగు ఆడాడు, నాలుగూ గెలిచాడు. తిరిగొచ్చి ఇంకా గెలిచాడు. మొత్తం వరుసగా 14. అందులో స్పారింగ్‌లో తనను ఆడుకున్న ఆ ఆమోస్‌ లింకన్‌ కూడా ఉన్నాడు, 1968లో రెండో రౌండులోనే పడిపోయాడు. చెప్పానుగా, బలం చివరిదాకా పోదని. మధ్యలో సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేశాడు. 1968లో వచ్చిన హెడ్‌ అనే సినిమాలో కనిపిస్తాడు. బీటిల్స్‌ బృందం 1967లో తెచ్చిన సార్జెంట్‌ పెప్పర్‌ ఆల్బమ్‌ అట్ట మీదున్న గుంపులో అతని మైనపు బొమ్మ ఉంది. ఆ అట్ట మీద అలీ లేడు.

1969 డిసెంబరు 6న లియోటిస్‌ మార్టిన్‌తో పోటీ. పాయింట్లలో లిస్టన్‌దే పైచేయి. తొమ్మిదో రౌండులో ఒళ్లు నెమ్మదించింది, ఒక్క గుద్దుకు ముందుకు బోర్లాపడ్డాడు. టైటిల్‌ మీద ఆశ అక్కడితో సరి. గెలిచిన మార్టిన్‌కు కూడా ఆ పోటీలో కంటి రెటీనా ఊడి, మళ్లీ ఎప్పుడూ ఆడలేకపోయాడు. లిస్టన్‌ చివరిసారి రింగెక్కింది 1970 జూన్‌ 29న, చక్‌ వెప్నర్‌ మీద. వెప్నర్‌ ముఖానికి 70కి పైగా కుట్లు పడ్డాయి. ఇదే వెప్నర్‌ అయిదేళ్ల తర్వాత అలీతో 15వ రౌండు దాకా నిలబడితే, అది చూసిన సిల్వెస్టర్‌ స్టాలోన్‌ అనే అవకాశాల్లేని నటుడు గదిలో కూర్చుని రాకీ కథ రాసుకున్నాడు. కృష్ణానగర్‌లో ఆ కథ తెలియనివాళ్లుండరు.

1971 జనవరి 5న భార్య జెరాల్డిన్‌ ఊరి నుంచి లాస్‌వేగాస్‌ ఇంటికి వచ్చేసరికి లిస్టన్‌ చనిపోయి ఉన్నాడు. అప్పటికి చాలా రోజులైంది. గుమ్మం దగ్గర పేరుకున్న పాల సీసాలు, పేపర్లు లెక్కగట్టి పోలీసులు తేదీ తేల్చారు, 1970 డిసెంబరు 30 అని. పుట్టిన సంవత్సరం కూడా ఎవరో ఒకరు తేల్చాలి కాబట్టి, సమాధి పలక మీద 1932 అని చెక్కించారు.